రావాల్సింది, వచ్చింది: ఫెయిలైన టెస్టు ఏం చెప్పాలి?

వరద రోజుల్లో ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ నుంచి వచ్చే కబురులో మూడు సంగతులుంటాయి. నీటిమట్టం ఎన్ని అడుగులు, సముద్రంలోకి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారు, ఎన్నో ప్రమాద హెచ్చరిక అమల్లో ఉంది. 11.75 అడుగులకు మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కోనసీమ లంకల్లో ఈ అంకెలు చదువురానివాళ్లకి కూడా నోటికొచ్చు. మట్టం వినగానే ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటారు. కనకాయలంక కాజ్‌వే మునిగి ఉంటుందా, పడవ కట్టాలా, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలాలా అని. అదే కబురు "ప్రమాదం: అవును" అని ఒక్క ముక్కలో వస్తే అబద్ధమేమీ కాదు, కానీ దాన్ని పట్టుకుని ఎవరూ ఏ పనీ చేయలేరు.

కోడ్‌లో ఒక్కో చిన్న ముక్క సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే యూనిట్ టెస్టుల్లో రాసే అసర్షన్లు చాలావరకు ఈ రెండో రకం కబుర్లే. టెస్టు ఫెయిలైందని చెబుతాయి. ఏది ఎంత రావాలో, ఎంత వచ్చిందో, ఏ ఇన్‌పుట్ దగ్గర తేడా కొట్టిందో చెప్పవు.

అసర్షన్ అంటే "ఇక్కడికి వచ్చేసరికి ఇది ఇలా ఉండి తీరాలి" అని కోడ్‌లో వేసుకునే కట్టుబాటు. పాసైనన్నాళ్లూ దాని మొహం ఎవరూ చూడరు. ఫెయిలైన రోజున చూస్తారు, అదీ రాసిన మనిషి కాకుండా ఇంకొకరు. భీమవరంలోనో కాకినాడలోనో ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఇంటి నుంచే పనిచేస్తూ, ఎవరో మూడేళ్ల కిందట రాసి వెళ్లిపోయిన ప్రోగ్రామ్‌ని భుజాన వేసుకున్న కుర్రాడికి ముందు కనిపించేది కోడ్ కాదు. బిల్డ్ లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్‌ని కట్టి టెస్టులు నడిపినప్పుడు పడే చిట్టాలో, ఒక ఎర్ర లైను. ఆ లైనులో ఉన్న సమాచారాన్ని బట్టే అతని పని రెండు నిమిషాల్లో తేలుతుందా, మధ్యాహ్నం భోజనం దాకా సాగుతుందా అన్నది ఉంటుంది. కాబట్టి "చదవగలిగే అసర్షన్" అంటే కోడ్‌లో అందంగా కనిపించేదని అనుకుంటే సగమే. ఫెయిలైనప్పుడు లాగ్‌లో అది ఎలా చదువుకుంటుందన్నది మిగతా సగం, బరువైన సగం కూడా అదే.

నీటిమట్టం ఇస్తే హెచ్చరిక సంఖ్య చెప్పే చిన్న ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. హెచ్చరిక లేకపోతే సున్నా, ఉంటే ఒకటి, రెండు, మూడు. రాసినవాళ్లు "11.75 చేరితే" అనాల్సిన చోట "11.75 దాటితే" అని రాసేశారు. సరిహద్దుల దగ్గర అందరూ చేసే తప్పే. దీనికి టెస్టు రాస్తూ చాలామంది ముందు పట్టుకునేది అసర్ట్ ట్రూ, ఇచ్చింది నిజమా కాదా అని మాత్రమే చూసేది. హెచ్చరిక(11.75) ఒకటికి సమానమా అన్న పోలికని దాని బ్రాకెట్లో పెడతారు. ఫెయిలైతే జావాలో టెస్టులు రాసే సాధనం జేయూనిట్ 5 ఇచ్చే సమాధానం "రావాల్సింది ట్రూ, వచ్చింది ఫాల్స్" అన్న అర్థం వచ్చే ఒక్క లైను. పోలిక అసర్షన్ చేతికి రాకముందే జరిగిపోయింది. దానికి అందింది అవును, కాదు అన్న తీర్పు మాత్రమే. సాక్ష్యం కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అదే అసర్ట్ ఈక్వల్స్‌కి ఒకటినీ, ఫంక్షన్ ఫలితాన్నీ విడివిడిగా ఇస్తే "రావాల్సింది 1, వచ్చింది 0" అంటుంది. ఫంక్షన్ ఏం తిరిగిచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. ఇంకా తెలియనిది ఏ మట్టం దగ్గర అన్నది. దాన్ని మెసేజ్‌లో చేరిస్తే, "నీటిమట్టం 11.75 అడుగులు" అన్న మూడు మాటలతో కబురు పూర్తవుతుంది.

పైథాన్‌లో పైటెస్ట్ అనే టెస్టు సాధనం వాడేవాళ్లకి ఈ బాధ కొంత తక్కువ. అది ప్రోగ్రామ్ నడిచే ముందే అసర్ట్ స్టేట్‌మెంట్లని తిరగరాసి, పోలికలో రెండు వైపులా ఏ విలువలున్నాయో, ఏ ఫంక్షన్‌ని ఏ ఇన్‌పుట్‌తో పిలిస్తే ఆ విలువ వచ్చిందో విప్పి చూపిస్తుంది. అయితే పోలిక ఫలితాన్ని ముందే "సరే" అనే వేరియబుల్‌లో దాచుకుని, కింద "అసర్ట్ సరే" అని రాస్తే పైటెస్ట్ కూడా చేతులెత్తేస్తుంది. పైథాన్‌లోనే ఇంకో గుంట ఉంది. అసర్ట్ పక్కన షరతునీ మెసేజ్‌నీ కలిపి ఒకే బ్రాకెట్లో పెడితే అది రెండు ముక్కల ట్యూపుల్, అంటే విలువల జత, అవుతుంది, ఖాళీగా లేని ట్యూపుల్ ఎప్పుడూ నిజమే. ఇక ఆ టెస్టు గోదావరి వెనక్కి పారినా ఫెయిలవదు. పైథాన్ దీని మీద వార్నింగ్ ఇస్తుంది, కానీ పచ్చగా ఉన్న బిల్డ్‌లో వార్నింగులు చదివే ఓపిక ఎందరికుంది?

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1949 జూన్‌లో కేంబ్రిడ్జి సదస్సులో అలాన్ ట్యూరింగ్ ఒక చిన్న పత్రం చదివారు, పెద్ద ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో ఎలా సరిచూడాలన్నది విషయం. అందులో ఆయన చెప్పిన ఉదాహరణ బడిపిల్లల కూడిక. పెద్ద పెద్ద అంకెల వరస కూడి మొత్తం ఒక్కటే రాసిస్తే, సరిచూసేవాళ్లు ఆ లెక్కంతా మళ్లీ చేసుకోవాలి. పక్క స్థానానికి వెళ్లే అంకెలు కూడా రాసి ఉంటే, మనం "చేతిలో ఒకటి" అని పైన చిన్నగా వేసుకునేవి, ఒక్కో నిలువు వరసని విడిగా చూసి తేల్చేయొచ్చు. ప్రోగ్రామ్ రాసేవాళ్లు అలాగే మధ్యమధ్యలో విడివిడిగా సరిచూడగలిగే మాటలు చెప్పి పెట్టాలన్నారు. వాటికి ఆయన వాడిన మాట అసర్షన్లే. ధాన్యం కొట్టు గుమస్తాకి ఈ పత్రం చదివి వినిపిస్తే "ఇందులో వింతేముంది?" అంటాడేమో.

ఇక రావాల్సింది ముందా, వచ్చింది ముందా అన్న పేచీ. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా విమానంలో కూర్చుని మొదలుపెట్టిన జేయూనిట్‌లో రావాల్సినది ముందు రాయాలి. అదే జావాలో వచ్చిన టెస్ట్ఎన్‌జీలో వచ్చింది ముందు. పైథాన్‌తో పాటే వచ్చే యూనిట్‌టెస్ట్ ఈ గొడవే పెట్టుకోకుండా "0, 1 సమానం కావు" అన్నట్టు చెప్పి ఊరుకుంటుంది, ఏది ఏదో మనమే ఊహించుకోవాలి. ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకి మారిన మనిషి చేతివాటంగా వరస తారుమారు చేస్తే టెస్టు పాసవడంలో ఏ తేడా రాదు. అందుకే రివ్యూలో కూడా ఎవరి కంటా పడదు. ఫెయిలైన రోజున మాత్రం మెసేజ్ నిఖార్సైన అబద్ధం చెబుతుంది. "రావాల్సింది 0, వచ్చింది 1" అని చూసిన కుర్రాడు హెచ్చరిక అక్కర్లేని చోట ఎందుకు వచ్చిందా అని వెతుకుతాడు. అసలు జరిగింది రావాల్సిన హెచ్చరిక రాకపోవడం. మెసేజ్ లేకపోయినా ఇంతకన్నా నయం.

అంకెకి కొలత లేకపోవడం ఇంకో తంటా, డెల్టాలో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ రైతు దిగుబడి చెప్పేది బస్తాల్లో, బస్తా అంటే 75 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించేది క్వింటాలుకి. 40 బస్తాలంటే 3,000 కిలోలు, అంటే 30 క్వింటాళ్లు. ధాన్యం కొనుగోలు లెక్కలు చూసే ప్రోగ్రామ్‌లో ఒక టెస్టు ఫెయిలై "రావాల్సింది 30, వచ్చింది 40" అంటే ఎక్కడ తేడా వచ్చిందో తెలుసుకోవడానికి కోడ్‌లోకి దిగాల్సిందే. "రావాల్సింది 30 క్వింటాళ్లు, వచ్చింది 40 క్వింటాళ్లు, ఇన్‌పుట్ 40 బస్తాలు" అని ఉంటే, ఊళ్లో పుట్టిపెరిగిన ఎవరైనా చదివీ చదవగానే బస్తాల్ని క్వింటాళ్లలోకి మార్చడం మర్చిపోయారని పట్టేస్తారు. ఇందుకు పెద్ద హంగామా అక్కర్లేదు. బరువుకి ఉత్త అంకె బదులు చిన్న టైపు ఒకటి పెట్టుకుని, అది తనని తాను కొలతతో సహా అచ్చు వేసుకునేలా రాస్తే చాలు. అసర్షన్ చదవగలిగేలా ఉండటానికి కావాల్సిన పని చాలాసార్లు టెస్టులో కాక అసలు కోడ్‌లోనే ఉంటుంది.

డబ్బు లెక్కకి వస్తే, 2025-26 సీజన్‌కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. 30 క్వింటాళ్లకి 71,070. టెస్టులో రావాల్సిన విలువగా ఈ 71,070నే అంకెగా రాయడం మేలు. కొందరు అక్కడ కూడా బస్తాలు ఇంటూ 75, భాగించు 100, ఇంటూ ధర అని సూత్రం మొత్తం తిరిగి రాస్తారు. అప్పుడు టెస్టు, కోడ్ రెండూ ఒకే తప్పు చేసి ఒకదాన్నొకటి సమర్థించుకుంటాయి. దొంగ లెక్కకి దొంగ సాక్షి అన్నమాట. కాగితం మీద చేత్తో వేసి చూసుకున్న అంకెకి ఆ ప్రమాదం లేదు. అయితే ధర ఏటా మారుతుంది కాబట్టి, 2,369ని సెట్టింగుల్లోంచి లాక్కోకుండా టెస్టే ఇన్‌పుట్‌గా ఇవ్వాలి. లేకపోతే కొత్త ధర పెట్టిన రోజున కోడ్ నిక్షేపంగా ఉన్నా టెస్టులు బారులు తీరి ఫెయిలవుతాయి.

దశాంశాల విషయంలో ధవళేశ్వరం ఒక మేలు చేసింది, తెలియకుండానే. కంప్యూటర్ దశాంశాల్ని రెండు, నాలుగు, ఎనిమిది భాగాలుగా దాచుకుంటుంది. 11.75, 13.75, 17.75 మూడింటిలోనూ చివర ముప్పావే కాబట్టి ఇవి దాని లోపల వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటాయి. భద్రాచలం దగ్గర హెచ్చరికలు 43, 48, 53 అడుగులు, అవి పూర్ణాంకాలే. వీటిని నేరుగా సమానమా అని పోల్చినా నష్టం లేదు. ధాన్యం తేమ శాతానికి ఈ అదృష్టం లేదు. పదో వంతు అన్నది బైనరీలో ఎన్నడూ పూర్తిగా ఇమడదు, అందుకే 0.1కి 0.2 కూడితే చాలా భాషల్లో 0.30000000000000004 వస్తుంది. అలాంటి చోట ఎంత తేడాని మన్నిస్తున్నామో అసర్షన్‌లో చెప్పాలి. జేయూనిట్‌లో మూడో విలువగా ఇస్తారు, పైటెస్ట్‌లో అప్రాక్స్ ఉంది, ఏమీ చెప్పకపోతే అది విలువలో పది లక్షల్లో ఒక వంతు తేడాని మన్నిస్తుంది. చదివేవాళ్లకి కావాల్సింది మాత్రం ఆ అంకె ఎక్కడిది అన్నది. తేమ మీటరు ఒక దశాంశ స్థానం వరకే చూపిస్తే 0.05 తేడాని మన్నించడంలో అర్థముంది, ఆ సంగతి పేరులోనే తెలిసేలా "మీటరు సగం గీత" అని ఒక స్థిరాంకం పెట్టుకోవచ్చు. టెస్టు పాసయ్యేదాకా సున్నాలు తగ్గించుకుంటూ పోయి దొరికిన అంకెని అలాగే వదిలేస్తే, తర్వాత వచ్చేవాళ్లకి అది శిలాశాసనంలా కనిపిస్తుంది, ముట్టుకోవడానికి భయపడతారు. రూపాయల లెక్కకైతే దశాంశాలే వద్దు, పైసల్లో పూర్ణాంకాలు ఉంచుకుంటే సరి.

తెలుగులో పేర్లు, ఊళ్లు నమోదు చేసే ప్రోగ్రాములకి ఇంకా విచిత్రమైన సమస్య ఉంది. టెస్టు ఫెయిలై "రావాల్సింది రైతు, వచ్చింది రైతు" అంటుంది. కళ్లు నులుముకుని చూసినా తేడా కనపడదు. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో సంఖ్యలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వానికి ఒక గుర్తు విడిగా ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే. లోపల మొదటి "రైతు"లో నాలుగు గుర్తులు, రెండో దానిలో అయిదు. యూనికోడ్ ప్రమాణం వీటిని సమానమనే అంటుంది, కానీ ప్రోగ్రామ్‌లో మామూలు పోలిక గుర్తు తర్వాత గుర్తు చూసుకుంటూ పోతుంది కాబట్టి వేరంటుంది. పరిష్కారం పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపానికి, అంటే యూనికోడ్ నిర్ణయించిన ఎన్ఎఫ్‌సీ అనే రూపానికి, తీసుకురావడం. అది కోడ్ చేయాల్సిన పని. టెస్టు చేయాల్సింది, తేడా ఉన్నప్పుడు ఆ తేడాని కంటికి కనిపించేలా చేయడం. తెలుగు మాటల్ని పోల్చడానికి సొంత అసర్షన్ ఒకటి రాసుకుని, ఫెయిలైనప్పుడు మాటతో పాటు గుర్తుల సంఖ్యనీ, మొదటి తేడా దగ్గరి యూనికోడ్ పేరునీ అచ్చు వేయిస్తే, ఒక పూట పట్టే వెతుకులాట ఒక చూపులో తేలిపోతుంది. కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తుకీ ఇదే మందు. "కాజ్‌వే" లాంటి మాటలో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపేది అదే, ఒకరు కొడతారు, ఒకరు కొట్టరు.

సొంత అసర్షన్ల మాట వచ్చింది కాబట్టి పేర్ల సంగతి. పైథాన్ 3 నుంచి ఫంక్షన్ల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, జావాలోనూ కుదురుతుంది. "మొదటి_హెచ్చరిక_రావాలి" అన్న పేరు చూడగానే పని తెలుస్తుంది. కానీ పైథాన్ పేర్లలో ఈ కనపడని గుర్తుని ఒప్పుకోదు, కాబట్టి "కాజ్‌వే" అని పేరు పెడితే కొన్ని కీబోర్డుల నుంచి ఎర్రర్ వస్తుంది, కొన్నింటి నుంచి రాదు. చాలా టెర్మినళ్లలో ఒత్తులు చెదిరిపోతాయి కూడా. కోడ్‌లో పేర్లు ఇంగ్లిష్‌లో ఉంచి, జేయూనిట్ 5 ఇచ్చే డిస్‌ప్లే నేమ్‌లోనూ మెసేజ్‌లలోనూ తెలుగు రాసుకోవడం ప్రస్తుతానికి ఇబ్బంది లేని దారి.

మెసేజ్‌లో ఏం రాయాలన్న దానికి రొయ్యల కౌంట్ మంచి ఉదాహరణ. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. 100 కౌంట్ చిన్నది. భీమవరం చెరువుల మీద ఇది చెప్పనక్కర్లేని సంగతి. కానీ బెంగళూరులో కూర్చున్నవాళ్లు "30 కౌంట్ ధర 100 కౌంట్ ధర కన్నా ఎక్కువ ఉండాలి" అన్న అసర్షన్ చూసి, తిరగబడిందనుకుని "సరిచేసే" అవకాశం బాగా ఉంది. ఇక్కడ మెసేజ్‌లో "30 ధర 100 ధర కన్నా ఎక్కువ కాదు" అని రాస్తే దండగే, ఆ సంగతి అసర్షనే చెబుతోంది. "కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, ధర పెరగాలి" అని కారణం రాస్తే చదివినవాళ్ల చెయ్యి ఆగుతుంది.

ఒకే టెస్టులో తొమ్మిది అసర్షన్లు, ఒక్కదానికీ మెసేజ్ లేకుండా, గుదిగుచ్చడం తెలిసిన జబ్బే. ఏది పేలిందో తెలియదు, మొదటిది పేలగానే మిగతావి నడవవు కూడా. టెస్టు కోడ్‌లో దోషాలకి పేర్లు పెట్టిన పరిశోధకులు 2001లో దీన్ని అసర్షన్ రౌలెట్ అన్నారు. సంక్రాంతి బరుల దగ్గర కూర్చున్నవాళ్లయితే గుండాట అనేవారు. దీనికి విరుగుడుగా "ఒక టెస్టుకి ఒకే అసర్షన్" అని గిరి గీసేవాళ్లున్నారు, అది మరీ మడి. ఒక రసీదులో బరువు, తేమ, మొత్తం మూడూ కలిసి ఒకే సంగతి చెబుతుంటే మూడు టెస్టులుగా విడగొట్టి అదే తయారీని మూడుసార్లు రాయడం చదువరికి మేలు చేయదు. జేయూనిట్ 5లో అసర్ట్ ఆల్ ఉంది, గుంపులోని అన్నింటినీ నడిపి, ఫెయిలైనవాటినన్నింటినీ ఒక్కసారే చెబుతుంది. హెచ్చరిక ఫంక్షన్ లాంటి వాటికి పట్టికే మంచిది. 11.74, 11.75, 13.74, 13.75, 17.74, 17.75, ఒక్కోదాని పక్కన రావాల్సిన హెచ్చరిక. ఒక్కో వరస ఒక్కో టెస్టుగా నడుస్తుంది, లాగ్‌లో ఇన్‌పుట్ దానంతటదే పేరులోకి వస్తుంది.

జావాలో అసర్ట్‌జే లాంటి లైబ్రరీలు గొలుసుకట్టు అసర్షన్లు ఇస్తాయి, ఇంగ్లిష్ వాక్యంలా చదువుకోవచ్చన్నది వాటికి తరచూ చెప్పే గొప్ప. క్రియని చివర పెట్టుకునే మనకి అదేమంత లాభం కాదు. అసలు లాభం రెండు చోట్ల ఉంది. వచ్చింది, రావాల్సింది వేర్వేరు బ్రాకెట్లలో పడటంతో తారుమారు చేయడం కష్టం. జాబితాకి, తేదీకి, మాటకి విడివిడి పోలికలు ఉండటంతో "జాబితాలో ఈ రెండు తక్కువ, ఇది ఎక్కువ" అని తేడా విప్పి చెబుతాయి. ఇవి అక్కర్లేని చోట మామూలు అసర్ట్ ఈక్వల్స్‌ని కాదని గొలుసులు అల్లడం అలవాటే తప్ప అవసరం కాదు.

అసర్షన్ చదవగలిగేలా ఉందో లేదో తేల్చుకోవడానికి దాన్ని ఫెయిల్ చేసి చూడటం కన్నా దగ్గరి దారి లేదు. టెస్టు రాశాక, పాసయ్యాక, కోడ్‌లో "చేరితే"ని కావాలని "దాటితే"గా మార్చి ఒకసారి నడపాలి. కోడ్ ఫైలు మూసేసి, లాగ్ ఒక్కటే ముందు పెట్టుకుని చదవాలి. "నీటిమట్టం 11.75 అడుగులు: రావాల్సింది మొదటి హెచ్చరిక, వచ్చింది హెచ్చరిక లేదు" అని కనిపిస్తే, ఏ లైను విప్పాలో కోడ్ తెరవకముందే తెలిసిపోయినట్టే. మార్చినదాన్ని తిరిగి "చేరితే" చేసి కమిట్ చేయొచ్చు.